మూడు రిపోర్టులు, మూడు డోసులు: థైరాయిడ్ అంకెలు తికమక పెట్టినప్పుడు మందు ఎంపిక

ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. ఈ వ్యాసం కోసం అల్లిందే అయినా, ఇందులోని ముక్కలన్నీ ఏ థైరాయిడ్ క్లినిక్‌లోనైనా తరచూ ఎదురయ్యేవే. విజయవాడలో 44 ఏళ్ల టీచరమ్మ. ఆరేళ్లుగా పరగడుపున 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర వేసుకుంటోంది. జనవరిలో టీఎస్‌హెచ్ 8.9 వచ్చింది. డోసు 100కు పెంచారు. మార్చి చివర వేరే ల్యాబులో ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ చేయించుకుంటే 0.08 వచ్చింది, టీ4 (అంటే థైరాక్సినే) సాధారణ పరిధి గీత దాటి పైకి పోయింది. కంగారుపడి 50కి తగ్గించారు. మే మొదటి వారంలో 12.4. ఐదు నెలల్లో మూడు రిపోర్టులు, మూడు డోసులు. నీరసం మాత్రం జనవరిలో ఎంత ఉందో మేలోనూ అంతే ఉంది. దువ్వెన పెడితే జుట్టు చుట్టలుగా వస్తోంది. డాలస్‌లో ఉన్న చెల్లెలు వీడియో కాల్‌లో, "అక్కా, నేనిక్కడ నేచురల్ థైరాయిడ్ వాడుతున్నా, హాయిగా ఉంది. నువ్వూ మారిపోవే" అంటోంది.

మారాలా? ఆ ప్రశ్నకు ఆధారాలు కొంతమేరకు జవాబిస్తాయి. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఆ మూడు అంకెలు ఎలా పుట్టాయి? తికమక రిపోర్టు చేతిలో ఉన్నప్పుడు మందు ఎంపిక రెండో పని. అంకె ఆనుపానులు తీయడం మొదటి పని. ఈ వరుస తారుమారైతే ఎంత మంచి మందైనా తప్పు మందే అవుతుంది.

టీఎస్‌హెచ్ ఎందుకు అంతలా ఊగుతుంది

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చేది కాదు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఉత్తర్వు అది. రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గితే ఉత్తర్వు గట్టిగా వస్తుంది, ఎక్కువైతే మెత్తబడుతుంది. ఈ సంబంధం సమానమైన కొలతలో ఉండదు. ప్రోటీన్లకు అతుక్కోకుండా విడిగా తిరిగే టీ4 (ఫ్రీ టీ4) రెండింతలు మారితే టీఎస్‌హెచ్ సుమారు వంద రెట్ల దాకా మారగలదని పాఠ్యపుస్తకాల లెక్క. అందుకే అది మంచి పరీక్ష అయింది, అందుకే అది భయపెట్టే పరీక్ష కూడా అయింది. 4 నుంచి 8కి పోతే రిపోర్టు మీద "రెట్టింపు" అని కనబడుతుంది, లోపల హార్మోను కదిలింది మాత్రం కాస్తే కావచ్చు.

పైగా రోజులో దానికి తన లయ ఉంది. రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ. ఒక నెల ఉదయం ఏడింటికి, ఇంకో నెల భోజనం తర్వాత రక్తమిచ్చి ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని పోల్చడం అంత న్యాయం కాదు. ఇక రిపోర్టులో అచ్చయ్యే సాధారణ పరిధి ఎలా తయారవుతుందంటే, ఆరోగ్యవంతుల గుంపును పరీక్షించి అటు రెండున్నర శాతం, ఇటు రెండున్నర శాతం వదిలేసి మధ్యలో గీతలు గీస్తారు. అంటే వందమంది ఆరోగ్యవంతుల్లో ఐదుగురు గీత బయటే ఉంటారు. వయసుతో పై గీత పైకి జరుగుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే సమాచారంలో 80 దాటిన ఆరోగ్యవంతులకు పై గీత 7.5 దగ్గర తేలింది. అదే గీతతో 30 ఏళ్ల అమ్మాయినీ 82 ఏళ్ల బామ్మనూ కొలిస్తే బామ్మకు లేని జబ్బు అంటగట్టినట్టే.

దీనికి తిరగేసిన కోణం కూడా ఉంది. 2002లో డెన్మార్క్ పరిశోధకులు 16 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల రక్తాన్ని ఏడాది పాటు నెలనెలా పరీక్షించారు. ఒక్కో మనిషి తన సొంత హార్మోను పరిధిలోనే తిరుగుతుంటాడని, ఆ పరిధి ల్యాబు గీతల మధ్య వెడల్పులో దాదాపు సగమేనని తేలింది. "రిపోర్టు నార్మలే కదమ్మా" అన్న మాట ఆ మనిషికి నార్మలేనని హామీ ఇవ్వదు. రోగుల గోడులో ఉన్న నిజం ఇక్కడుంది. అయితే అది 16 మంది మీద జరిగిన అధ్యయనమని గుర్తుంచుకుని మాట్లాడాలి.

బయోటిన్ సంగతి

మళ్లీ టీచరమ్మ దగ్గరికి వద్దాం. మార్చిలో 0.08 రావడానికి వారం ముందు ఆమె జుట్టు కోసం 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్రలు మొదలుపెట్టింది. మందుల షాపులో అడిగితే ఇచ్చేశారు. జుట్టు ఎందుకు రాలుతోందంటే థైరాయిడ్ వల్లేమోనని ఆమె అనుమానం. థైరాయిడ్ వల్ల రాలుతున్న జుట్టు కోసం వేసుకున్న మాత్ర థైరాయిడ్ రిపోర్టునే తప్పుదారి పట్టించగలదని ఆమెకు ఎవరు చెబుతారు?

జరిగేది ఇది. చాలా ల్యాబు యంత్రాల్లో టీఎస్‌హెచ్‌ను పట్టుకునే యాంటీబాడీకి బయోటిన్‌ను కొక్కెంలా తగిలిస్తారు. స్ట్రెప్టావిడిన్ పూసిన సన్నని గుళికలు ఆ కొక్కెంతో దాన్ని లాక్కుని పట్టుకుంటాయి. రక్తంలో ముందే మాత్రల బయోటిన్ నిండి ఉంటే, ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టినట్టు, గుళికల మీది చోట్లన్నీ అదే ఆక్రమిస్తుంది. అసలు టీఎస్‌హెచ్‌కు చోటుండదు. యంత్రం "టీఎస్‌హెచ్ చాలా తక్కువ" అని అచ్చేస్తుంది. టీ4 పరీక్ష తీరు దీనికి తలకిందులు కాబట్టి అక్కడ అంకె లేనిపోని ఎత్తుకు పోతుంది. రెండూ కలిపి చూస్తే అచ్చం థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నట్టే, లేదా మాత్ర డోసు ఎక్కువైనట్టే కనబడుతుంది.

2017లో మిన్నెసోటా పరిశోధకులు ఆరుగురు ఆరోగ్యవంతులకు వారం పాటు రోజుకు 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఇచ్చి, రకరకాల యంత్రాల మీద పరీక్షలు చేశారు. బయోటిన్ పద్ధతి వాడే పరీక్షలన్నీ దెబ్బతినలేదు, కొన్నే దెబ్బతిన్నాయి. అలా దెబ్బతిన్న ఒక యంత్రం మీద మాత్రం టీఎస్‌హెచ్ అసలు కంటే 90 శాతానికి పైగా తక్కువగా కనిపించింది. అదే ఏడాది అమెరికా ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక జారీ చేసింది. కొన్ని కంపెనీలు ఆ తర్వాత తమ పరీక్షల్ని మార్చుకున్నాయి కాబట్టి అన్ని ల్యాబుల్నీ ఒకే గాటన కట్టలేం. జాగ్రత్త మాత్రం చవకైంది: పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపడం, అధిక మోతాదు వాడుతుంటే ఇంకా ముందే ఆపడం, రక్తం ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పడం. జుట్టు, గోళ్ల పేరుతో అమ్మే మల్టీవిటమిన్ డబ్బాల వెనక చిన్న అక్షరాల్లో బయోటిన్ ఎంతుందో చదవడం కూడా ఇందులో భాగమే.

అంకెను చెడగొట్టేవి ఇంకా ఉన్నాయి. రక్తంలో ఉండే కొన్ని యాంటీబాడీలు పరీక్షతో జోక్యం చేసుకుంటాయి. టీఎస్‌హెచ్ యాంటీబాడీకి అతుక్కుని పెద్ద ముద్దగా, పనిచేయకుండా తిరుగుతుంటే దాన్ని మాక్రో టీఎస్‌హెచ్ అంటారు. ఎంత డోసు పెంచినా అంకె మొండికేస్తుంది, ఫ్రీ టీ4 మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఇవి అరుదు. నివేదికకూ మనిషికీ ఏమాత్రం పొంతన లేనప్పుడు, వేరే పద్ధతి వాడే ల్యాబులో మరోసారి చేయించమని డాక్టర్లు అడిగేది వీటికోసమే.

ఐరన్ మాత్ర, కాఫీ, పోయిన వారం

జనవరి 8.9 కథ వేరు. ఆమెకు నెలసరిలో రక్తస్రావం ఎక్కువ. హిమోగ్లోబిన్ 9.4 ఉందని నవంబరులో ఐరన్ మాత్ర రాశారు. మర్చిపోకుండా ఉండాలని ఆమె రెండు మాత్రలూ ఒకే డబ్బీలో వేసుకుని, పొద్దున్నే ఒకే గుక్క నీళ్లతో మింగింది. ఇనుము, కాల్షియం పేగులో థైరాక్సిన్‌ను పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. వాటికీ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగినా పీల్చుకోవడం తగ్గుతుంది. పొద్దున్నే కాఫీ పడందే కళ్లు తెరవని ఇళ్లలో అరగంట, గంట ఆగడం ఎంత కష్టమో రాసేవాడికీ తెలుసు. అలాంటివాళ్లకు 2010లో నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక పరీక్ష ఊరటనిచ్చింది: రాత్రి పడుకునే ముందు వేసుకున్నప్పుడు టీఎస్‌హెచ్ ఇంకాస్త తగ్గింది, అంటే మందు బాగానే ఒంటబట్టింది. మనుషులకు హాయి పెరిగిందని మాత్రం అందులో తేలలేదు.

ఇంకో రకం రిపోర్టు ఉంటుంది: టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ, ఫ్రీ టీ4 కూడా ఎగువ గీత దగ్గర. దీని వెనక కొన్ని అరుదైన జబ్బులు ఉండొచ్చు. చాలాసార్లు మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. నెలంతా మాత్రలు మరిచి, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు నాలుగు రోజులు భక్తిగా వేసుకున్నవాళ్ల రిపోర్టు ఇలాగే వస్తుంది. టీ4 వెంటనే పుంజుకుంటుంది, టీఎస్‌హెచ్‌కు వారాలు పడుతుంది. పరీక్ష రోజు పొద్దున మాత్ర వేసుకుని వెళ్లినా కొన్ని గంటలపాటు టీ4 కాస్త ఎత్తుగా కనబడుతుంది. అందుకే రక్తం ఇచ్చాకే మాత్ర.

మే 12.4లో పెద్ద రహస్యం లేదు. బయోటిన్ చూపిన తప్పు అంకెను నమ్మి డోసును సగానికి కోశారు. రక్తంలో థైరాక్సిన్ సగం తరగడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. కొత్త డోసు నిలకడకు రావాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. తప్పు డోసు ఆరో వారానికి తన ఫలితం తాను చూపించింది.

ప్యాకేజీల గురించి ఒక మాట. మన ఊళ్లలో "థైరాయిడ్ ప్రొఫైల్" అంటే చాలాచోట్ల మొత్తం టీ3 (థైరాయిడ్ రెండో హార్మోను), మొత్తం టీ4, టీఎస్‌హెచ్. మొత్తం టీ4లో అధికభాగం ప్రోటీన్లకు అతుక్కుని ఉండేదే. గర్భిణికైనా, గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీకైనా ఆ ప్రోటీన్లు పెరిగి, జబ్బు లేకుండానే మొత్తం టీ4 గీత దాటుతుంది. ఫ్రీ టీ4 అడగడం మేలు. థైరాక్సిన్ మీద ఉన్నవాళ్లకు టీ3 కొలిచి డోసు తేల్చడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు. రివర్స్ టీ3 కోసం డబ్బు పోయడం నా దృష్టిలో వృథా.

టీఎస్‌హెచ్‌ను అసలు నమ్మకూడని చోటు

పిట్యూటరీయే దెబ్బతింటే ఉత్తర్వు రాదు, లేదా నీరసంగా వస్తుంది. అప్పుడు టీఎస్‌హెచ్ "నార్మల్"గానో తక్కువగానో ఉండి, ఫ్రీ టీ4 అడుగున ఉంటుంది. టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించే చెకప్‌లలో ఇది జారిపోతుంది. మన దేశంలో దీనికో ముఖ్యమైన కారణం షీహాన్ సిండ్రోమ్: కాన్పులో విపరీతంగా రక్తం పోయి పిట్యూటరీ చచ్చుబడటం. కశ్మీర్‌లో 2005లో అచ్చయిన ఒక సర్వే, కాన్పయిన స్త్రీలలో సుమారు 3 శాతానికి ఈ సమస్య ఉన్నట్టు అంచనా కట్టింది. ఆ లెక్కను తెచ్చి గోదావరి జిల్లాలకో పాలమూరుకో అంటించలేం, ప్రసూతి సేవల తీరు వేరు. కానీ కాన్పులో బాగా రక్తం పోయింది, ఆపైన పాలు పడలేదు, నెలసరి తిరిగి రాలేదు, ఏళ్ల తరబడి నీరసం అని ఎవరైనా చెబితే ఆ కథకు రిపోర్టు కంటే ఎక్కువ బరువుంది. ఇలాంటి మనిషికి మందు వరుస తప్పకూడదు. కార్టిజాల్ అనే మరో హార్మోను కూడా తక్కువ ఉంటే ముందు దాన్ని సరిచేసి ఆ తర్వాతే థైరాక్సిన్ మొదలుపెట్టాలి. తిరగేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

గీతకు కాస్త పైన ఉన్నవాళ్లు

2013లో అచ్చయిన ఎనిమిది నగరాల సర్వేలో, హైదరాబాద్ కూడా అందులో ఉంది, 5,376 మంది పెద్దల్ని పరీక్షించారు. దాదాపు 11 శాతానికి హైపోథైరాయిడిజం (థైరాయిడ్ మందగించడం) కనిపించింది. ఇంకో 8 శాతానికి టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువగా ఉండి టీ4 సరిగ్గానే ఉంది. దీన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. అసలు గొడవంతా ఈ గుంపుతోనే.

ఇజ్రాయెల్‌లో లక్షల రికార్డులు తిరగేసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. టీఎస్‌హెచ్ 5.5 నుంచి 10 మధ్య ఉండి మందు వాడనివాళ్లలో 62 శాతం మంది అంకె తర్వాతి ఐదేళ్లలో దానంతటదే సాధారణ పరిధికి వచ్చేసింది. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్ అధ్యయనం ఒకే ఊరివాళ్లను ఇరవై ఏళ్లు వెంటాడింది. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉండి, థైరాయిడ్ మీద దాడిచేసే యాంటీబాడీలూ ఉన్న స్త్రీలలో ఏటా 4 శాతం పైచిలుకు మంది పూర్తి హైపోథైరాయిడిజంలోకి వెళ్లారు. యాంటీబాడీలు లేకుండా టీఎస్‌హెచ్ మాత్రమే ఎక్కువైతే ఏటా 2.6 శాతం. కాబట్టి మొదటి ఎత్తు అంకె చూసి జీవితాంతం మాత్ర రాయకుండా, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చూడటం, అలాంటి యాంటీబాడీలను చూసే యాంటీటీపీఓ పరీక్ష చేయించడం అర్థమున్న పనులు.

65 దాటినవాళ్ల విషయంలో ఆధారం ఇంకా గట్టిది. 2017లో అచ్చయిన ట్రస్ట్ పరీక్షలో 737 మంది వృద్ధులకు థైరాక్సిన్ కొందరికి, ఉత్తుత్తి మాత్ర కొందరికి ఇచ్చారు. మందు వాడినవారి టీఎస్‌హెచ్ తగ్గింది. నీరసం, థైరాయిడ్ లక్షణాలు తగ్గలేదు. దీన్నీ ఇంకొన్ని పరీక్షల్నీ కలిపి చూసిన అంతర్జాతీయ బృందం 2019లో సబ్‌క్లినికల్ దశలో వయోజనులకు మందు వద్దని గట్టిగానే చెప్పింది. గర్భిణులనూ, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారినీ, టీఎస్‌హెచ్ 20 దాటినవారినీ, లక్షణాలు తీవ్రంగా ఉన్నవారినీ ఆ సలహా నుంచి మినహాయించింది. 10కీ 20కీ మధ్య ఉన్నవారి విషయంలో మాత్రం వైద్యులు ఇప్పటికీ ఏకాభిప్రాయంలో లేరు. ట్రస్ట్‌లో అలాంటివాళ్లు కొద్దిమందే. అక్కడ నా మొగ్గు మందు వైపే, ముఖ్యంగా వయసు తక్కువైతే.

"లక్షణాలున్నాయి కదా, రిపోర్టు నార్మలైతేనేం, ఓసారి ఇచ్చి చూద్దాం" అన్న వాదాన్ని 2001లో గ్లాస్గోలో పరీక్షకే పెట్టారు. రిపోర్టు నార్మల్‌గా ఉండి లక్షణాలున్నవారికి థైరాక్సిన్, ఉత్తుత్తి మాత్ర వంతులవారీగా ఇచ్చారు. రెండింటితోనూ కాస్త బాగున్నారు, రెండింటికీ తేడా లేదు. చిన్న పరీక్షే. అయినా దాన్ని కాదనే పెద్ద పరీక్ష నాకు కనబడలేదు.

టీ3, పంది థైరాయిడ్

ఇప్పుడు డాలస్ చెల్లెలి మాట. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక స్త్రీకి సూదితో ఎక్కించాడు. ఆమె ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. పశువుల గ్రంథులతో మొదలైన వైద్యం ఇది. చెల్లెలు చెప్పే నేచురల్ థైరాయిడ్, అంటే పంది థైరాయిడ్‌ను ఎండబెట్టి చేసిన మాత్ర, అమెరికాలో ఎఫ్‌డీఏ ఆమోదం లేకుండానే పాత మందుగా కొనసాగుతూ వచ్చింది. ఒక గ్రెయిన్ మాత్రలో 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి. అంటే నాలుగుకు ఒకటి. మనిషి గ్రంథి విడుదల చేసేది సుమారు పద్నాలుగుకు ఒకటి. పందికి నేచురల్ అయినది మనకు ఎంత నేచురల్ అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది.

థైరాక్సిన్ ఒక్కటి చాలన్న నమ్మకానికి పునాది 1970లో పడింది. థైరాయిడ్ లేనివాళ్లకు టీ4 ఇస్తే ఒళ్లే దాన్ని టీ3గా మార్చుకుంటుందని బ్రేవర్‌మన్ బృందం చూపింది. టీఎస్‌హెచ్ సరిపోయినా నీరసం, మతిమరపు పోవడం లేదనేవాళ్లు మాత్రం 5 నుంచి 10 శాతం దాకా ఉంటారని సాధారణ అంచనా. 1999లో లిథువేనియా నుంచి ఆశ పుట్టింది: 33 మందిలో టీ4కు కొంచెం టీ3 కలిపితే మనసు తేలికపడింది. ఆ తర్వాత అనేక దేశాల్లో మళ్లీ చేసి చూశారు. 2006లో 11 పరీక్షల్ని, 1,216 మందిని కలిపి లెక్కగట్టితే తేడా కనబడలేదు.

అయినా కథ అక్కడ ముగిసిందనను. 2013లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి పరిశోధకులు 70 మందికి థైరాక్సిన్, పంది థైరాయిడ్ మార్చిమార్చి, ఏదో తెలియకుండా ఇచ్చారు. లక్షణాల కొలతల్లో తేడా లేదు. కానీ దాదాపు సగంమంది పంది మాత్రే బాగుందన్నారు, థైరాక్సిన్ బాగుందన్నవాళ్లు 19 శాతం. పంది మాత్ర మీద సగటున కిలోకు పైగా బరువు తగ్గారు. 2021లో 75 మందితో ఇంకో పరీక్షలోనూ మొత్తం మీద తేడా తేలలేదు, థైరాక్సిన్ మీద ఎక్కువ లక్షణాలున్న మూడోవంతు మంది మాత్రం టీ3 ఉన్న మందుల మీద మెరుగ్గా ఉన్నారు. గుంపును ఆ తర్వాత విడదీసి చూసిన ఫలితం కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోవాలి, రుజువుగా కాదు. మునుపటి పరీక్షల్లో బాధ తీరనివాళ్లను ప్రత్యేకంగా ఎంచుకున్నవి తక్కువన్నది నిజమే. అదే ఏడాది అమెరికా, బ్రిటన్, ఐరోపా థైరాయిడ్ సంఘాలు కలిసి, ఇకపై అలాంటివాళ్లనే ఎంచి పరీక్షించాలని ఒప్పుకున్నాయి.

"తేడా నాకు తెలుస్తుంది" అన్న మాటను కూడా పరీక్షించారు. 2018లో 138 మంది డోసుల్ని వాళ్లకు తెలియకుండా పెంచీ తగ్గించీ ఆరు నెలలు చూస్తే, డోసు మారిందో లేదో వాళ్లు పసిగట్టలేకపోయారు. ఎక్కువ డోసు అనుకున్నదాన్నే ఇష్టపడ్డారు. ఇందులో రోగిని వెక్కిరించాల్సిందేమీ లేదు. ఆశ అందరికీ ఉంటుంది, మందు రాసేవాడికి కూడా.

ఎక్కువ డోసుకు మూల్యం ఉంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలో 60 దాటినవాళ్లను పదేళ్లు గమనిస్తే, టీఎస్‌హెచ్ 0.1కి దిగువన ఉన్నవాళ్లలో 28 శాతానికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ లోపం వచ్చింది, సాధారణంగా ఉన్నవాళ్లలో 11 శాతానికి. ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు పలచబడటం ఇంకోటి. అందుకే ఐరోపా సంఘం 2012లో టీ3 కలపడాన్ని గడువుపెట్టిన ప్రయోగంగానే ఒప్పుకుంది: మిగతా కారణాలన్నీ వెతికాక, నిపుణుడి పర్యవేక్షణలో, మూడు నెలల్లో ఫలితం లేకపోతే ఆపేసేలా. గర్భిణులకు వద్దంది. నాకు ఇది సబబుగా కనబడుతుంది. పంది థైరాయిడ్ విషయంలో బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ సలహా సూటిగా ఉంది: ఇవ్వొద్దు.

మళ్లీ విజయవాడ

మిగతా కారణాలు వెతకడమంటే ఈ టీచరమ్మ విషయంలో దూరం పోనక్కర్లేదు. హిమోగ్లోబిన్ 9.4. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసం, నీరసం, జుట్టు రాలడం, ఏ పనీ తోచకపోవడం: ఇవన్నీ రక్తహీనతకు రాసినా థైరాయిడ్‌కు రాసినా సరిపోతాయి. ఐదు నెలలుగా అందరి కళ్లూ టీఎస్‌హెచ్ మీదే ఉండటంతో, ఆ ఐరన్ మాత్ర ఎందుకొచ్చిందో, నెలసరి రక్తస్రావానికి కారణమేమిటో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. హైపోథైరాయిడిజమే రక్తస్రావాన్ని పెంచగలదన్నది ఇందులో ఇంకో ముడి. దాన్ని విప్పాలంటే ముందు నమ్మదగిన ఒక్క అంకె కావాలి.

ఆమెకు డాక్టరు చేసిన ఏర్పాటు ఇలా ఉందనుకుందాం. ఆరేళ్లు నిలకడగా పనిచేసిన 75కే తిరిగి రావడం. ఐరన్ మాత్ర రాత్రి భోజనం తర్వాత. బయోటిన్ ఆపేయడం. ఫెరిటిన్, బీ12 పరీక్షలు, గైనకాలజిస్టు దగ్గరికి ఒక చీటీ. జూలై మొదటి వారంలో, పొద్దున ఏడున్నరకు, మాత్ర వేసుకోకముందు, జనవరిలో ఇచ్చిన ల్యాబులోనే రక్తం. టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4, యాంటీటీపీఓ. అప్పటిదాకా డోసు ముట్టుకోకూడదు, ఎవరు ఏమన్నా.

ఆ రాత్రి వీడియో కాల్‌లో ఆమె ఇదంతా చెల్లెలికి చెప్పింది. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత బాత్రూమ్ అరలోంచి ఏదో సీసా తీసి తిప్పి చూసిన చప్పుడు. "అక్కా, ఇందులో బయోటిన్ పదివేల మైక్రోగ్రాములని ఉంది. అంటే నీ పది మిల్లీగ్రాములూ ఇదీ ఒకటేనా?"